లే తాతా, లే!

చెర్నోబ్రోద్‌లో ఎవరు పోయినా ముందు కబురందేది చర్చి పూజారికి కాదు, చావ్దార్‌కి. శవపేటికల కొట్టు వాళ్ల తాత పెట్టింది. వెనకగదిలో అచ్చు యంత్రం మాత్రం అతను తెచ్చుకున్నది. పోయినవాళ్ల ఫోటో, పేరు, చుట్టూ నల్ల అంచు, కింద నాలుగు ముక్కలు వేసి కాగితాలు తీస్తాడు. ఇంటి తలుపుకీ, కరెంటు స్తంభాలకీ, బస్టాండు గోడకీ తనే వెళ్లి అంటిస్తాడు. నలభయ్యో రోజుకి మళ్లీ కొత్త కాగితం, ఏడాదికి ఇంకోటి. అక్కడ మనిషి బతికుండగా గోడ ఎక్కడు, పోయాక దిగడు. తాసీల్దారు, హవల్దారు ఉన్నట్టే ఊరికో చావుదారు ఉండాలి కాబట్టి ఆ పోస్టు చావ్దార్‌ది అనుకుందాం. కొడుక్కి ఆ పేరు పెట్టిన రోజున వాళ్ల నాన్న పర్వాన్‌కి ఈ సంగతి తోచి ఉండదు.

అంతటి చావ్దార్‌కి ఆ ఏడాది ఊళ్లో చావులు చాల్లేదు. దానికి కారణం ఫుట్‌బాల్.

ఊరి జట్టు కొవాచ్ దాదాపు యాభై ఏళ్ల తర్వాత దేశపు మొదటి డివిజన్‌లోకి వచ్చింది. సోఫియా జట్లు, ప్లోవ్‌దివ్ జట్లు, సముద్రం ఒడ్డు జట్లు మన గడ్డి మీదికొచ్చి ఆడతాయంటే ఊరు ఊరంతా పూనకం వచ్చినట్టు ఊగింది. జూలైలో మొదటి మ్యాచి రోజున పూజారి వచ్చి దీవించాడు. ఆనవాయితీ ప్రకారం మైదానం గుమ్మంలో పూలు వేసిన నీళ్లతో రాగిచెంబు పెట్టారు. కెప్టెన్ దాన్ని ఒక్క తాపు తన్ని నీళ్లు ఒలకబోశాడు. ఇక అంతా నీళ్లలా సాఫీగా సాగాలని దానర్థం. ఆ సీజన్ మొత్తంలో కొవాచ్ వాళ్లు గురి తప్పకుండా తన్నింది ఆ చెంబునే.

తర్వాతంతా బంతిని తన్నాల్సినవాళ్లు తన్నులు తిన్నారు. అవతల గోల్, ఇవతల గోల. మూడో ఓటమి అయ్యాక చావ్దార్ కొట్టు తెరిచి, కోచ్ ఫోటో పెట్టి, నల్ల అంచు వేసి, ఇలా అచ్చు తీశాడు: "తీరని దుఃఖంతో తెలియజేయునది. మా కోచ్ గారి తెలివి, ఎన్నాళ్లనుంచో మంచాన పడి ఉండి, నిన్న సాయంత్రం మమ్మల్ని విడిచిపోయింది. తెలివికి దగ్గరి బంధువులెవరూ లేరు." తెల్లారేసరికి ఊరంతా అంటించాడు. సోమవారం కోచ్ ఉద్యోగం ఊడింది.

"ఒరే చావ్దార్!" అని రోడ్డవతలినుంచే అరిచాడు బోజ్కో. అతను కసాయి. ఉత్తరపు గ్యాలరీలో పెద్ద డోలు వాయించేది కూడా అతనే. రెండు చోట్లా చర్మమే అతని పని. "నీ చేతిలోది జిగురు బకెట్ కాదురా, తుపాకీ! వచ్చేవారం రిఫరీని కాల్చు!"

కాల్చాడు. రిఫరీ కళ్లు పోయాయని వేశాడు. సెంటర్ ఫార్వర్డ్ కాళ్లు జంటగా పోయాయని వేశాడు. అచ్చు వేసిందల్లా అచ్చొచ్చింది. మ్యాచికి రానివాళ్లు కూడా సోమవారం పొద్దున్నే స్తంభాల దగ్గర నిలబడి, పొద్దుతిరుగుడు గింజలు పళ్లతో చిట్లించుకుంటూ చదివేవాళ్లు. జట్టు కింది నుంచి రెండో స్థానంలో ఉన్నా చావ్దార్ మాత్రం ఊళ్లో మొదటి స్థానంలో ఉన్నాడు.

అందరికంటే ఎక్కువ నవ్వేది పర్వానే. కొట్టు గుమ్మంలో కుర్చీ వేసుకుని, ముక్కుకి కళ్లజోడు తగిలించుకుని, ఒక్కో కాగితం పైకే చదివి దగ్గొచ్చేదాకా నవ్వేవాడు. వెనకటి మొదటి డివిజన్ జట్టులో ఎడమ అంచున ఆడింది ఆయనే. ఆ పదకొండుమందిలో పదిమంది పోయారు. పోయిన ప్రతివాడి పెట్టెనీ మైదానం చుట్టూ ఒక రౌండు తిప్పారు. ఊరంతా టోపీలు తీసి పెట్టె వెనక నడిచింది. మిగిలిన పదకొండోవాడు పర్వాన్.

"నా రౌండు నాకుందిరా," అనేవాడు కొడుకుతో. "పింఛను ఎగ్గొట్టినా ఊరుకుంటాను గానీ అది ఎగ్గొడితే ఊరుకోను. వెనక మనుషులు పల్చబడ్డారో, పెట్టెలోంచి లేచి తంతాను. ఎడమకాలితోనే."

"పల్చబడటమేంటి నాన్నా! ఊరంతా వస్తుంది. వెనక డోలు కూడా పెట్టిస్తాను."

నాన్నకి అతనిచ్చిన మాట అదొక్కటే. కొట్టులో మంచి ఓక్ చెక్క ఒకటి పక్కన పెట్టి, దాన్ని ఎవరు అడిగినా అమ్మేవాడు కాదు.

సెప్టెంబరులో గోల్‌కీపర్ వంతు వచ్చింది. ఇల్కో అని ఇరవై రెండేళ్ల పిల్లాడు, మలాక్ దోల్ పల్లెవాడు. సోఫియా జట్టుతో మ్యాచిలో బంతి అతని చేతుల్లోంచి సబ్బుబిళ్లలా జారింది. "మా ఇల్కో చేతులు పోయినవి," అని చావ్దార్ అచ్చు తీశాడు. ఆ కాగితాల్లో ఒకటి, తర్వాతి మ్యాచికి ముందురోజు, మలాక్ దోల్ బస్సు వెనక అద్దానికి కూడా అంటించాడు, పల్లెవాళ్లు కూడా నవ్వుకుంటారని.

ఇల్కోని పెంచిన నాయనమ్మ త్రెంద అవ్వకి చిన్న అక్షరాలు ఆనవు. మనవడి ఫోటో ఆనింది. పేరు ఆనింది. నల్ల అంచు ఆనింది. మర్నాడు ఆ బస్సే ఎక్కి, నెత్తిన నల్ల గుడ్డ కట్టుకుని, ఉడికించిన గోధుమల మీద పంచదార చల్లిన గిన్నె చేత పట్టుకుని దిగింది. చచ్చినవాళ్ల పేరు మీద అందరికీ చెంచాడు చెంచాడు పెట్టేది ఆ గోధుమలే. దిగేసరికి మైదానంలో మ్యాచి సగమైంది.

"నాయనా, మా ఇల్కోని ఎక్కడ పడుకోబెట్టారు?" అని గేటు దగ్గర అడిగింది.

"పడుకోబెట్టలేదు అవ్వా," అన్నాడు బోజ్కో డోలు మీద మోచేయి ఆనించి. "అదిగో, ఆ రెండు స్తంభాల మధ్య నిలబెట్టి పూడ్చాం. వెనక వల కూడా కట్టాం, లేచిపోకుండా."

అవ్వ అటు చూసింది. చేతులు చాపుకుని నిలబడ్డ మనవణ్ణి చూసి, గ్యాలరీ అదిరేలా "ఇల్కో!" అని కేక పెట్టింది. పుట్టినప్పట్నుంచీ ఆ గొంతుకి పలకడమే అలవాటైన పిల్లాడు గిరుక్కున వెనక్కి తిరిగాడు. వాడి వీపు పక్కనుంచి బంతి వెళ్లి వలలో పడింది.

అలాంటి నవ్వు ఆ మైదానం అంతకుముందు వినలేదు. ఏడుస్తున్నవాళ్లు కూడా నవ్వారు, నవ్వుతున్నవాళ్లకి ఏడుపొచ్చింది. అవ్వ చేతిలో గిన్నె గ్యాలరీలోకి పోయింది. వరసవరసకీ చేతులు మారి చావ్దార్ దగ్గరికొచ్చింది. అతను ఒక చెంచా నోట్లో వేసుకుని, చప్పరించి, పదిమందికీ వినబడేలా అన్నాడు: "బాగానే ఉంది గానీ అవ్వా, పంచదార తగ్గింది!"

మళ్లీ నవ్వు. అవ్వ మెట్ల మీద కూచుని, ఖాళీ గిన్నె తిరిగొచ్చేదాకా కనిపెట్టుకుని, గుడ్డతో తుడుచుకుని వెళ్లిపోయింది. ఇల్కో ఆ రోజు ఇంకో మూడు గోల్స్ తిన్నాడు. సాయంత్రం కొట్టు ముందుకొచ్చి నిలబడ్డాడు.

"అన్నా, మా అవ్వని ఎందుకు ఏడిపించావు?"

"నేనెక్కడ ఏడిపించానురా? కాగితం అందరికీ ఒకటే. చదువొచ్చినవాళ్లు నవ్వుతారు, రానివాళ్లు గోధుమలు వండుకొస్తారు."

ఇల్కో వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

అక్టోబరులో కొండవతలి జట్టు వచ్చింది. ఆ రెండు ఊళ్లకీ పెళ్లి సంబంధాలుంటాయి గానీ మాటలుండవు. ఈసారి చావ్దార్ బుర్రలో పుట్టింది మామూలు కాగితం కాదు. సాక్షాత్తూ తండ్రి ఫోటో పెట్టి, అసలుదానిలాగే, జోకు ముక్క లేకుండా వేశాడు: "మా ప్రియమైన పర్వాన్ ఇక లేరు. శనివారం మైదానంలో కడసారి చూపు." వారమంతా ఆ కాగితం గోడల మీదుంది. పర్వాన్ ఇంట్లోంచి బయటికి రాకుండా దాక్కుని, కిటికీ తెర సందులోంచి చూస్తూ తన చావుకి తనే తెగ మురిసిపోయాడు.

శనివారం మైకులో మనిషి గొంతు బొంగురు చేసుకుని పర్వాన్ మరణవార్త చదివాడు. కొందరు పూలు కూడా తెచ్చారు. కొందరు టోపీలు తీశారు. నలుగురు మోస్తున్న పెట్టె ఉత్తరపు గ్యాలరీ ముందాగింది. బోజ్కో డోలు మీద మూడు దెబ్బలు వేశాడు. పెట్టెలోంచి పర్వాన్, పాత జట్టు చొక్కాలో, ఎడమకాలి బూటు చేత్తో ఎత్తిపట్టుకుని, లేచి కూచున్నాడు.

"కొండవతలివాళ్లు పోయార్రా! నేను పోలేదు!"

ఆ రోజు కొవాచ్ రెండు గోల్స్ తేడాతో గెలిచింది. ఆ ఏడాది సొంత మైదానంలో అదే మొదటి గెలుపు. అది ఆటగాళ్ల వల్ల అని ఎవరూ అనుకోలేదు. ఇక ఎప్పుడు జట్టు వెనకబడ్డా గ్యాలరీ మూడు దెబ్బలు వేసి "లే తాతా, లే!" అని అరిచేది. పర్వాన్ తన సీట్లోంచి లేచి బూటు ఊపేవాడు. రెండుసార్లు డ్రా కూడా అయింది.

ఆ శనివారం ఇంటికెళ్లే దారిలో ఆయన భుజాలు తడుముకుంటూ, "పెట్టె ఇరుకుగా ఉందిరా," అన్నాడు. "అసలుదానికి ఇక్కడ రెండు వేళ్లు వదులు పెట్టు."

మేలో ఆఖరి మ్యాచి మిగిలింది. దాన్యూబ్ ఒడ్డు జట్టుతో, సొంత మైదానంలో. డ్రా అయితే కొవాచ్ మొదటి డివిజన్‌లో ఉంటుంది, ఓడితే దిగిపోతుంది. ఆ గురువారం మధ్యాహ్నం పర్వాన్ కొట్టు గుమ్మంలో కుర్చీలో కూచుని, గింజ ఒకటి పళ్ల మధ్య పెట్టుకుని, దాన్ని చిట్లించకుండానే పోయాడు. చావ్దార్ రెండుసార్లు పిలిచి, "చాల్లే నాన్నా, నాటకాలు," అని భుజం తట్టాడు. తట్టాక చెయ్యి అక్కడే ఉండిపోయింది.

ఓక్ చెక్క తీశాడు. భుజాల దగ్గర రెండు వేళ్లు వదులు పెట్టాడు. తర్వాత తలుపేసుకుని, అచ్చు యంత్రం ముందు కూచుని, జీవితంలో మొదటిసారి ఏం రాయాలో తోచక, "మా ప్రియమైన పర్వాన్ ఇక లేరు," అని వేశాడు. వేరే మాటలు లేవు. ఉన్న మాటలన్నీ అక్టోబరులోనే వాడేశాడు.

స్తంభాలకి అంటిస్తుంటే వెనకనుంచి ఎవరో వీపు మీద చరిచారు.

"రెండో ముద్రణా? అదిరింది గురూ! ఆఖరి మ్యాచికి తాత లేవాల్సిందే!"

"నిజంగానే పోయాడయ్యా."

"అక్టోబరులోనూ ఇదే మొహం పెట్టావు. సినిమాల్లోకి వెళ్లొచ్చు నువ్వు."

అదే మాట రొట్టెల కొట్టులో, అదే మాట బస్టాండులో. బోజ్కో కన్ను గీటి, "నా డోలు సిద్ధం," అన్నాడు. చావ్దార్ అతని చొక్కా పట్టుకుని, "నాన్న చచ్చిపోయాడురా!" అని అరిచాడు. బోజ్కో కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వి, "ఆ చొక్కా పట్టుకోవడం కొత్తగా ఉంది, అది ఉంచు," అన్నాడు.

చావ్దార్ భార్య నేదా చెప్పింది. "మైదానం వద్దు. ఆదివారం పొద్దున్న చర్చి నుంచి తీసుకెళ్దాం. నమ్మినవాళ్లు వస్తారు."

"నమ్మినవాళ్లెంతమంది? ఇరవైమందా? ఇరవైమందితో మా నాన్నని పంపమంటావా?"

"నిజంగా ఏడ్చేవాళ్లు ఇరవైమందుంటే చాలదా?"

చాలదు. అతనికి ఊరు కావాలి. ఊరంతా కావాలి. క్లబ్బు అధ్యక్షుడు మెతోది దగ్గరికి వెళ్లాడు. మెతోది సాసేజీల ఫ్యాక్టరీ ఓనరు. ఫిబ్రవరిలో చావ్దార్ ఆయన మీద కూడా ఒక కాగితం వేసి ఉన్నాడు.

"నన్ను చంపి మూడు నెలలైంది కదయ్యా," అన్నాడు మెతోది కుర్చీలో వెనక్కి వాలి. "చచ్చినవాణ్ణి పర్మిషన్ అడుగుతున్నావు, సిగ్గు లేదూ?"

"అడిగేది నా కోసం కాదు మెతోది గారూ. ఆ పదిమందికీ ఇచ్చారు."

"ఇస్తానయ్యా. శనివారం, మ్యాచికి గంట ముందు. గేట్లు అప్పటికే తెరిచి ఉంటాయి. సోమవారం నుంచి గడ్డి పీకేస్తున్నారు, తర్వాత నీ ఇష్టం." ఆయనకి నిజంగా నమ్మకం కుదిరిందో, తాత లేస్తే ఇంకో మ్యాచి కలిసొస్తుందనుకున్నాడో ఎవరికి తెలుసు? చావ్దార్ అదీ ఆలోచించలేదు. గంట ముందంటే గ్యాలరీలు నిండుతాయి. పదిమందిలో ఎవరికీ అంత జనం రాలేదు. పెట్టెని కళ్లారా చూస్తే ఇక ఎవడు నవ్వుతాడు అనుకున్నాడు.

శనివారం పర్వాన్‌కి ఆయన కోరుకున్నట్టే పాత జట్టు చొక్కా తొడిగారు. ఎడమకాలి బూటు పక్కన పెట్టారు. మొహం కనబడేలా పెట్టె మూత తీసే ఉంచారు. నలుగురు భుజాన ఎత్తుకుని గుమ్మంలోంచి మైదానంలోకి అడుగు పెట్టగానే నాలుగు వైపులా చప్పట్లు మోగాయి. మైకులో మనిషికి చావ్దార్ దండం పెట్టి మరీ చెప్పుకున్నాడు. అతను నిజంగానే బొంగురుగా, "మన పర్వాన్ గురువారం మనల్ని విడిచిపోయారు," అన్నాడు. గ్యాలరీ ఈలలతో లేచింది. బొంగురు గొంతు అక్టోబరుదానికంటే బాగా కుదిరిందన్నారు.

జనం కంచె దాటి దిగారు. వందలమంది పెట్టె వెనక చేరారు. జెండాలు, రంగు పొగలు, మెడలో కండువాలు. పెళ్లి ఊరేగింపులా సాగింది రౌండు. చావ్దార్ ముందు నడుస్తూ తిరిగి చూశాడు. ఊరంతా వచ్చింది. నాన్న అడిగినట్టే, తను మాటిచ్చినట్టే, డోలుతో సహా వచ్చింది.

"టోపీలు తీయండి!" అని అరిచాడు. తీశారు. తీసి గాల్లోకి విసిరారు.

"ఒట్టు, నిజంగా పోయాడు! దేవుడి మీద ఒట్టు!"

"ఒట్టట! ఒట్టట!" అని పాట కట్టారు.

ఉత్తరపు గ్యాలరీ ముందు పెట్టె దించారు. బోజ్కో మూడు దెబ్బలు వేశాడు. మైదానమంతా ఒకే గొంతుతో అరిచింది: "లే తాతా, లే!"

పర్వాన్ లేవలేదు.

"నిద్రపోయాడ్రా ముసలాడు!"

మళ్లీ మూడు దెబ్బలు. "లే తాతా, లే! లే తాతా, లే!" చావ్దార్ పెట్టె మీదికి వంగి రెండు చేతులూ అడ్డం పెట్టాడు. ఆ ఏడుపు చూసి గ్యాలరీ కడుపు పట్టుకుంది. ఒక్క క్షణం, ఆ అరుపుల మధ్య, అతను కూడా నాన్న మొహంలోకి చూశాడు. లేస్తాడేమో అని చూశాడు.

"పక్కకి జరుగు, మందు పడితే లేస్తాడు," అంటూ బోజ్కో డోలు దింపి, కంచె దూకి వచ్చాడు. జేబులోంచి రకియా సీసా తీసి, ఒక చేత్తో పర్వాన్ గడ్డం పట్టుకుని, పెదాల మీద ఒంపాడు. సారాయి పెదాలు దాటలేదు. బుగ్గ మీదుగా జారి చొక్కా కాలర్లోకి పోయింది. బోజ్కో చెయ్యి గడ్డం మీదే ఆగిపోయింది. పశువుల్ని కోసే చెయ్యి అది, చల్లదనం ఎలాంటిదో దానికి తెలుసు. సీసా పెట్టెలో పడేసి, టోపీ తీసి, రెండడుగులు వెనక్కి వేశాడు.

ముందు వరస మూగబోయింది. తర్వాత దాని వెనక వరస. ఎక్కడో పై మెట్ల మీద, ఏమీ కనబడనివాళ్లు నలుగురు, "లే తాతా, లే!" అని ఇంకా కాసేపు అరుస్తూనే ఉన్నారు. వాళ్లు కూడా ఆపాక మైదానంలో జెండాల చప్పుడే మిగిలింది.

ఇప్పుడు ఏడుస్తారు అనుకున్నాడు చావ్దార్.

"మ్యాచి ముందు గడ్డి మీద శవమేంట్రా!" అన్నారెవరో.

అంతే. ఆ మాట వరస నుంచి వరసకి, సెప్టెంబరులో గోధుమల గిన్నె పాకినట్టు పాకింది. "మన కొంప ముంచాడు!" "నీళ్లు ఒలకబోయాల్సిన గుమ్మంలోంచి పీనుగని తెచ్చాడు!" "తీసెయ్యి! తీసెయ్యి!" ఈలలు మొదలయ్యాయి. రిఫరీకి వేసే ఈలలు. పెట్టె మళ్లీ భుజాలకెక్కింది. పర్వాన్ రౌండులో మిగిలిన సగం గింజల పొట్టు వానలో, ఈలల మధ్య పూర్తయింది. గేటు దాటేసరికి వెనక నేదా, పూజారి మిగిలారు.

చర్చిలో ప్రార్థనలయ్యేసరికి మ్యాచి చివరికొచ్చింది. శ్మశానం మైదానానికి దగ్గరే. పెట్టె మీద మొదటి పార మట్టి పడుతుండగా అటువైపు నుంచి ఒక హోరు వినబడింది. చిన్న హోరు, పరాయివాళ్లది. ఆఖరి నిమిషాల్లో ఇల్కో చేతుల్లోంచి బంతి జారిందని తర్వాత తెలిసింది. కొవాచ్ దిగిపోయింది. ఒకే సాయంత్రం ఇద్దరు దిగిపోయారు గానీ ఊరు ఏడ్చింది ఒకరి కోసమే.

ఆదివారం పొద్దున్న చావ్దార్ కొట్టు తలుపు తెరవబోతే దాని మీద నల్ల అంచు కాగితం ఉంది. లోపల అతని ఫోటో. బోజ్కో పెళ్లిలో తీసింది, నవ్వుతున్నది. కింద "చావ్దార్ ఇక లేడు" అని తప్ప ఒక్క ముక్క లేదు. జోకు కోసం అటూ ఇటూ వెతికాడు. లేదు. పక్క స్తంభానికి ఉంది, రొట్టెల కొట్టుకి ఉంది, బస్టాండు గోడకి ఉంది. రొట్టెలమ్మ అతన్ని చూసి, చూడనట్టు, వెనకున్న మనిషికి రొట్టె ఇచ్చింది. బోజ్కోకి ఎదురుపడ్డాడు. "బోజ్కో," అన్నాడు. బోజ్కో అతని మీదుగా, కిటికీలోంచి చూసినట్టు చూసి, వెళ్లిపోయాడు.

మధ్యాహ్నానికి మలాక్ దోల్ బస్సు వచ్చింది. దాని వెనక అద్దానికి కూడా ఒక కాగితం ఉంది.

త్రెంద అవ్వ దిగింది. నెత్తిన నల్ల గుడ్డ, చేతుల్లో గిన్నె. కొట్టు దాకా నెమ్మదిగా నడిచొచ్చి, గుమ్మంలో పర్వాన్ కుర్చీలో కూచున్న చావ్దార్‌ని చూసి ఆగింది. ఆ ఊళ్లో ఆ రోజు అతన్ని చూసింది ఆవిడొక్కతే.

"బతికే ఉన్నావా నాయనా?"

"ఉన్నాను అవ్వా."

"నల్ల అంచు చూసి వచ్చాను." గిన్నె మీది గుడ్డ తీసింది. చెంచా తీసి అతని చేతిలో పెట్టింది. "తెల్లారకముందు లేచి వండాను. మళ్లీ మోసుకెళ్లలేను. తిను."

అతను చెంచా పట్టుకుని ఆవిడ మొహంలోకి చూశాడు. నవ్వు ఉందేమోనని వెతికాడు. అక్కడా లేదు.

"తిను నాయనా," అంది అవ్వ. "పంచదార తగ్గిందన్నావుగా. ఈసారి ఎక్కువే వేశాను."

చావ్దార్ తిన్నాడు. అవ్వ మెట్టు మీద కూచుని, గిన్నె ఖాళీ అయ్యేదాకా కనిపెట్టుకుని ఉంది.